ఆపరేషన్ తర్వాత మూత్రం రాకపోతే: పల్లేరు కషాయం ఎప్పుడు, పైపు ఎప్పుడు?

పోయిన వేసవిలో ఒక రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ వచ్చింది. హెర్నియా ఆపరేషన్ చేయించుకుని ఆ మధ్యాహ్నమే ఇంటికి వచ్చిన 68 ఏళ్ల పెద్దాయనకు అప్పటి నుంచి మూత్రం రాలేదు. "పల్లేరు కషాయం రెండుసార్లు పట్టించామండీ, ఇంకోసారి ఇమ్మంటారా?" అని కొడుకు అడిగాడు. పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూడమన్నాను. గట్టిగా, గుండ్రంగా ఉబ్బి ఉందన్నాడు. కషాయం పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి బయలుదేరమన్నాను. అక్కడ పైపు వేస్తే దాదాపు లీటరు వచ్చింది.

ఆ ఇంట్లో వాళ్ల తప్పేమీ లేదు. పల్లేరు మూత్రానికి మంచిదని అందరూ అంటారు, ఆయుర్వేద వైద్యుణ్ణి కాబట్టి నేనూ అంటాను. ఎప్పుడు మంచిదో చెప్పకపోవడమే మా లోపం. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మూత్రం రాకపోతే మూత్రం జారీ చేసే మందు ఇవ్వాలి.

మూత్రం తయారుకావడం వేరు, బయటికి రావడం వేరు. పల్లేరు, గలిజేరు, కొండపిండి ముఖ్యంగా మొదటి పనికి సాయపడతాయి. ఆపరేషన్ అయిన కొత్తలో ఇబ్బంది ఎక్కువగా రెండోదానిలో ఉంటుంది. నడుముకు మత్తు ఇచ్చినప్పుడు మూత్రాశయం నరాలు కొన్ని గంటలు మొద్దుబారి ఉంటాయి. నొప్పికి ఇచ్చే ట్రమడాల్ లాంటి మందులూ ఆ కండరాన్ని మందగింపజేస్తాయి. మొలల ఆపరేషన్ తర్వాతైతే నొప్పికి కింది కండరాలు బిగుసుకుంటాయి. పెద్దవయసు మగవాళ్లలో ప్రోస్టేట్ అప్పటికే పెరిగి ఉంటే చెప్పనక్కర్లేదు.

తూము మూసి ఉన్న చెరువులోకి కాలువ నీళ్లు వదిలితే తూము తెరుచుకోదు, కట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. పెద్దవాళ్ల మూత్రాశయంలో మామూలుగా 400 నుంచి 500 మి.లీ. పడుతుంది. అంతకు మించి గంటల తరబడి సాగిపోతే దాని కండరం పట్టు కోల్పోతుంది, పైపు తీశాక కూడా కొన్నాళ్లు పిండలేక అవస్థ పడుతుంది.

ఈ తేడా మన గ్రంథాల్లోనే ఉంది. సుశ్రుతుడు చెప్పిన మూత్రాఘాత (మూత్రం సరిగా రాని జబ్బు) భేదాల్లో మూత్రజఠరం ఒకటి, మూత్రక్షయం మరొకటి. మొదటిదానిలో మూత్రం నిలిచిపోయి నాభి కింద కడుపు ఉబ్బుతుంది, నొప్పి పెడుతుంది. రెండోదానిలో ఒళ్లు ఎండిపోయి మూత్రమే తగ్గిపోతుంది, మంట పుడుతుంది. రెండింటికీ ఒకటే కషాయం పోస్తే అది ఆయుర్వేదం అనిపించుకోదు. ఆపరేషన్ అయ్యాక ఆరు గంటలు గడిచినా మూత్రం రాలేదంటే, కడుపు ఉబ్బినా ఉబ్బకపోయినా, ఆసుపత్రికి చెప్పాల్సిందే.

అపోహ: ఒకసారి పైపు వేస్తే అదే అలవాటైపోతుంది.

అవదు. సాగిపోయిన కండరానికి పైపు విశ్రాంతి ఇస్తుంది. యూరిన్ బ్యాగు ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలి, నేలకు తగలకూడదు. చెప్పిన రోజుకు పైపు తీయించుకోవాలి, రోజులు గడిచేకొద్దీ ఇన్‌ఫెక్షన్ భయం పెరుగుతుంది.

అపోహ: మంటగా ఉందంటే వేడి చేసింది, చలవ చేస్తే చాలు.

సగం నిజం. మూత్రమార్గం గుండా ప్రోస్టేట్ ఆపరేషన్ చేసినప్పుడు లోపల పచ్చి గాయం ఉంటుంది. మంట, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం కొన్ని వారాలు ఉండవచ్చు. అలాంటివాళ్లకు బార్లీ నీళ్లు, ధనియాల నీళ్లు, పలుచటి మజ్జిగ నేనూ చెబుతాను, హాయిగా ఉంటుంది కూడా. కానీ చలిజ్వరం వచ్చినా, నడుము పక్కన నొప్పి పుట్టినా, రక్తం గడ్డలుగా పడినా అది చలవతో పోయేది కాదు. సబ్జా నీళ్లు తాగుతూ రెండు రోజులు చూద్దాం అనుకోవద్దు.

అపోహ: సిజేరియన్ అయిన బాలింతకు నీళ్లు తగ్గించాలి.

ఇది వింటే నాకు బాధేస్తుంది. ఒళ్లు నీరు పడుతుందనీ, కుట్లు చెమ్మ పడతాయనీ రోజుకు రెండు గ్లాసులకు మించి ఇవ్వని ఇళ్లు ఇంకా ఉన్నాయి. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ నీళ్లు కావాలి. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మంట, దాంతోపాటు మలబద్ధకం. కుట్ల నొప్పికి భయపడి ఆమె బాత్‌రూమ్‌కు వెళ్లడం వాయిదా వేస్తుంది. ఆపుకోకూడని వేగాల్లో, అంటే ఒంటికి సహజంగా వచ్చే తొందరల్లో, మూత్రాన్ని చరకుడు ముందే లెక్కపెట్టాడు. కాచి చల్లార్చిన నీళ్లో, గోరువెచ్చనివో, దాహం తీరేదాకా ఇవ్వండి అమ్మా. రాకపోయినా మూడు నాలుగు గంటలకోసారి చెయ్యి పట్టుకుని లేపి తీసుకెళ్లండి.

అపోహ: మూలికలే కదా, వేరే మందులతో పేచీ ఉండదు.

ఉంటుంది. గలిజేరులో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకు అది మంచిది కాదు. గుగ్గులు కలిసిన మాత్రలు కొన్ని గుండె, బీపీ మందుల పనిని తగ్గించవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. గాడిదగడపాకు కిడ్నీలకు విషం, ఎవరు చెప్పినా లోపలికి తీసుకోవద్దు. లైసెన్సు నంబరు లేని పొట్లాల మందులదీ అదే మాట.

మరి ఆయుర్వేదం ఎక్కడ పనికొస్తుంది? నా అనుభవంలో మొదట మలబద్ధకం దగ్గర. మల మూత్రాలు రెండింటినీ నడిపేది అపానవాతమే అంటాం. మలం గట్టిపడి నిండితే మూత్రాశయం మీద ఒత్తిడి పడుతుంది, ముక్కితే కుట్ల మీద పడుతుంది. ఇసబ్గోల్, తగినన్ని నీళ్లు, మెత్తటి అన్నం, సొరకాయ, బీరకాయ ముందు మొదలుపెడతాను. మొలల ఆపరేషన్ అయినవాళ్లకు, వాళ్ల సర్జన్ ఒప్పుకున్నాక, గోరువెచ్చని నీళ్ల తొట్టిలో పది నిమిషాలు కూర్చోవడం చెబుతాను. మా వాళ్లు అవగాహం అనేది అదే. బిగుసుకున్న కండరం సడలి, చాలామందికి ఆ నీళ్లలో ఉండగానే మూత్రం వచ్చేస్తుంది. పొట్ట మీద కుట్లు పచ్చిగా ఉన్నవాళ్లకు తొట్టి స్నానం వద్దు.

ఆ పెద్దాయనకు మూడో రోజు పైపు తీశారు. ప్రోస్టేట్‌కు టామ్‌సులోసిన్ రాసిచ్చారు, దాన్ని నేను ఆపలేదు. లేచేటప్పుడు తల తిరగవచ్చు, మంచం మీద కాసేపు కూర్చుని లేవమన్నాను. ఒకసారి వెళ్లొచ్చాక రెండు నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించమన్నాను. పదిహేను రోజుల తర్వాత స్కానింగ్‌లో, మూత్రం పోసుకున్నాక లోపల మిగిలింది 40 మి.లీ. మాత్రమే. కొద్దిగా మంట ఉందన్నారు. రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూసి, అప్పుడు పల్లేరు కషాయం రాసిచ్చాను.