సిగ్నల్ ఉంది, కాల్ వెళ్లదు

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా తరవాతి మంగళవారం జరుగుతుంది. సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగే ఆ సాయంత్రం మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడి ఎవరికైనా ఫోన్ చేసి చూడండి. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా కాల్ కలవడం కష్టం.

ఆ గీతలు చెప్పేది ఒక్కటే: టవర్ మాట మన ఫోన్‌కి ఎంత గట్టిగా వినిపిస్తోందో. మన మాట టవర్‌కి చేరే వీలుందో లేదో వాటికి తెలీదు. 4జీలో ఫోన్ ముందుగా ఒక చిన్న సంకేతంతో టవర్‌ని పలకరించాలి. ఒక్కో సెల్‌కి, అంటే టవర్ చూసుకునే ఒక్కో ప్రాంతానికి, అలాంటి సంకేతాలు 64 మాత్రమే. వాటిలో ఏదో ఒకటి ఫోనే ఎంచుకుంటుంది. ఒకే క్షణంలో రెండు ఫోన్లు ఒకే సంకేతం పంపితే గొడవే, కాస్త ఆగి మళ్లీ పలకరించాలి. జనం పెరిగేకొద్దీ ఇలా విఫలమైనవి కొత్తగా వచ్చేవాటితో కలిసి రద్దీని ఇంకా పెంచుతాయి. తప్పిపోయిన పిల్లాడి కోసం చేసే కాల్‌కీ, సెల్ఫీ అప్‌లోడ్‌కీ అక్కడ తేడా లేదు.

నిజానికి సిమ్‌లోనే ఒక తరగతి రాసి ఉంటుంది. మామూలు జనానికి 0 నుంచి 9, భద్రతా, అత్యవసర సిబ్బంది లాంటివాళ్లకు 11 నుంచి 15. రద్దీ వేళ మామూలు తరగతులను టవర్ కాసేపు ఆపేయగలదు. ఆ మీట మాత్రం టెలికాం కంపెనీ చేతిలో ఉంటుంది. ఒక సంస్థ తన కోసమే పెట్టుకునే ప్రైవేటు నెట్‌వర్క్ అంటే ఆ మీట మన చేతికి రావడమే: సొంత సిమ్‌లు, సొంత కంట్రోల్, వేరే తరంగాలు. బందోబస్తు పోలీసు చేతిలో వాకీటాకీ సెట్టు ఎప్పటినుంచో ఇలాంటిదే. రైల్వేకి 2021లో 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 5 మెగాహెర్ట్జ్ తరంగాలు ఇచ్చారు. మిగతా సంస్థలు సొంత అవసరాలకు నెట్‌వర్క్ పెట్టుకునేందుకు 2022లో కేంద్రం నిబంధనలు తెచ్చింది.

శ్రీకాకుళం, విజయనగరం కేంద్రం స్మార్ట్ సిటీల జాబితాలో లేవు. అయినా ఈ ఊళ్లకి సొంత నెట్‌వర్క్ పనికొస్తుంది, ఊరంతా ప్రైవేటు 5జీ మాత్రం దండగ అని నా అభిప్రాయం. స్తంభం మీద కెమెరా ఎక్కడికీ నడిచిపోదు, దానికి ఫైబర్ చాలు. నాగావళి వంతెన కింద నీటిమట్టం, ట్యాంకులో నీళ్లు, వీధిదీపం వెలిగిందా లేదా, ఇవన్నీ నాలుగైదు అంకెల సమాచారం. కొద్దిపాటి సమాచారాన్ని రేడియోతో పంపే లోరా అనే పద్ధతి వీటికోసమే ఉంది. 865 మెగాహెర్ట్జ్ దగ్గర లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు. చాలా నెమ్మది, వీడియో ఊసే ఎత్తకూడదు. కానీ ఊళ్లో ఒకటి రెండు కిలోమీటర్లు, బయలు ప్రదేశంలో ఇంకా చాలా దూరం పోతుంది, చిన్న బ్యాటరీతో ఏళ్లు నడుస్తుంది. సొంత 5జీ కావలసింది కదిలేవాటికే: అంబులెన్స్, ఫైరింజన్, బందోబస్తు సిబ్బంది.

అసలు పరీక్ష తుఫానుది. 2014లో హుద్‌హుద్, 2018లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ కరెంటు స్తంభాలను నేలకూల్చాయి. కరెంటు పోయాక బ్యాటరీ, డీజిల్ ఉన్నంతసేపే టవర్. నెట్‌వర్క్ మనదైనంత మాత్రాన దానికి మినహాయింపు లేదు. మన దగ్గర ఫైబర్ కూడా చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే పోతుంది, స్తంభంతో పాటే పడుతుంది. అందుకే నాగావళి నీటిమట్టం సంకేతాలు అందుకునే పెట్టెకి సోలార్ పలక, అక్కడినుంచి కలెక్టరేట్‌కి ఫైబర్‌తో పాటు ఒక రేడియో లింకు, టెండర్ కాగితంలో మొదటి పేజీలోనే ఉండాలి.