బరువు గుండుతో ప్రాక్టీస్ చేస్తే దూరం పెరగదు: స్కూల్ షాట్‌పుట్‌లో అపోహలు, వాస్తవాలు

మండల స్థాయి పోటీలు అయిపోయి జిల్లా సెలక్షన్లు దగ్గరపడ్డాయంటే చాలు, తల్లిదండ్రుల నుంచీ కొత్తగా ఉద్యోగంలో చేరిన పీఈటీల నుంచీ నాకు ఒకటే ప్రశ్న. "మేడం, పాపతో నాలుగు కిలోల గుండు వేయిస్తున్నాం. పోటీలో మూడు కిలోలే కదా, ఆ రోజు దూదిపింజలా ఎగిరిపోతుంది కదా?"

ఎగిరిపోదు. చేతికి తేలిగ్గా అనిపించడం వేరు, దూరం పోవడం వేరు. ఈ ఒక్క అపోహ వల్ల పాడైన పిల్లల్ని చూసినంతగా నేను ఇంకే తప్పు వల్లా చూడలేదు. అందుకే ముందు దీని సంగతి చెప్పి, మిగతావి తర్వాత చూస్తాను.

గుండు ఎంత దూరం పడుతుందనేది మూడింటి మీద ఆధారపడి ఉంటుంది. చేతిని వదిలేటప్పుడు దాని వేగం, అది వెళ్లే కోణం, వదిలిన ఎత్తు. మూడింట్లో వేగానిదే పెద్ద వాటా. నేల నుంచి 1.8 మీటర్ల ఎత్తులో, 37 డిగ్రీల కోణంలో, సెకనుకు 9 మీటర్ల వేగంతో వదిలితే గుండు సుమారు 9.86 మీటర్ల దగ్గర పడుతుంది. మిగతావి అలాగే ఉంచి వేగాన్ని 10 మీటర్లు చేస్తే 11.78కి చేరుతుంది. అంటే సెకనుకు ఒక్క మీటరు వేగం పెరిగితే దాదాపు రెండు మీటర్ల లాభం. జిల్లా పోటీలో మొదటి స్థానానికీ ఆరో స్థానానికీ మధ్య చాలాసార్లు అంత తేడా కూడా ఉండదు.

బరువు గుండు ఇచ్చారంటే ఆ వేగాన్నే మీరు చేతులారా తగ్గిస్తున్నట్టు. రోజూ నెమ్మదిగా తోస్తూ ఉంటే శరీరం నెమ్మదిగా తోయడమే నేర్చుకుంటుంది. పోటీ రోజున తేలిక గుండు చేతిలో పెట్టినంత మాత్రాన కాళ్లు, నడుము హఠాత్తుగా వేగం పుంజుకోవు.

వేగం ఒక్కటే కాదు, ఫామ్ (వేసే పద్ధతి) కూడా పోతుంది. ఈసారి మీ గ్రౌండ్‌లో పక్కన నిలబడి గమనించండి. మోయలేని గుండు పట్టుకున్న పిల్ల దాన్ని వేళ్ల మొదళ్ల మీద నిలపలేదు, అది జారి అరచేతిలో కూర్చుంటుంది. మోచెయ్యి పక్కటెముకల వైపు దిగిపోతుంది. బరువును ఎలాగైనా లేపాలని ఒళ్లు ఎడమ పక్కకి వాలిపోతుంది. మెడకి ఆనించి ఉండాల్సిన గుండు నడుము తిరగకముందే మెడను వదిలేస్తుంది. ఇక అక్కడి నుంచి అది తోయడం కాదు, క్రికెట్ బంతి విసిరినట్టు విసరడం. ఆ భారమంతా మోచేతి లోపలి వైపు, మణికట్టు మీద, భుజం ముందు భాగం మీద పడుతుంది. పైగా చెయ్యి మెడ దగ్గరి స్థానం నుంచి కిందికి దిగితే, లేదా గుండు భుజాల గీత దాటి వెనక్కి పోతే ఎర్రజెండా లేస్తుంది. అంత కష్టపడీ త్రో లెక్కలోకే రాదు.

కొన్నేళ్ల కిందట తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి మణికట్టుకి క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని నా దగ్గరికి వచ్చింది. అంతకుముందు చదివిన స్కూల్లో ఉన్నది ఒకే ఒక్క గుండు, అది కూడా సీనియర్ మగవాళ్లు వేసే 7.26 కిలోలది. ఆ పిల్ల వేయాల్సింది 3 కిలోలది. రెట్టింపు కంటే ఎక్కువ బరువుతో ఏడాది పాటు కుస్తీ పట్టింది. వాళ్ల నాన్న రైసుమిల్లులో హమాలీ. "బరువు మోస్తేనే కదమ్మా బలం వచ్చేది" అన్నాడు. ఆయన జీవితంలో అది నిజం, కాదనలేం. "బస్తా ఎంత నిదానంగా మోసినా లారీ ఎక్కుతుందన్నా, గుండుకి ఆ నిదానమే శత్రువు" అని చెప్పాను. డాక్టరు సరే అనేదాకా ఆ అమ్మాయికి కాళ్ల వ్యాయామాలు, గెంతులు తప్ప ఏమీ ఇవ్వలేదు. ఆ తర్వాత కొన్ని వారాలు రెండు కిలోల మెడిసిన్ బాల్ (వ్యాయామానికి వాడే బరువైన బంతి). గుండు ముట్టుకోనివ్వలేదని ఏడ్చింది, తనని టీమ్‌లోంచి తీసేస్తున్నానని వాళ్లమ్మ కంగారు పడింది. ఆ ఏడాది ఆ అమ్మాయికి మెడల్ రాలేదు. కానీ నొప్పి లేకుండా, మోచెయ్యి దిగకుండా, పోటీ బరువుతో ఆరు త్రోలూ వేసింది. నా లెక్కలో ఆ సీజన్‌కి అది పెద్ద విజయం.

"మరి పెద్ద అథ్లెట్లు బరువు గుండ్లు వాడరా?" అని అడుగుతారు. వాడతారు. ఏళ్ల తరబడి ఫామ్ కుదిరాక, పోటీ బరువుకి కాస్త అటూ ఇటూగా వాడతారు. బరువైనదే కాదు, తేలికది కూడా వాడతారు. మూడు నుంచి నాలుగు కిలోలకి వెళ్లడమంటే మూడో వంతు పెంచినట్టు. ఐదు కిలోలు వేసే అబ్బాయికి 7.26 ఇస్తే 45 శాతం పెంచినట్టు. దీన్ని కాస్త అటూ ఇటూ అనరు. బలం కావాలంటే స్క్వాట్లు, గెంతులు, మెట్లెక్కడం ఉన్నాయి. బలాన్ని అక్కడ పెంచండి, గుండు దగ్గర వేగాన్ని కాపాడండి.

అంతర్జాతీయ నిబంధనల ప్రకారం బరువులు ఇవి. అండర్-18 అబ్బాయిలకు 5 కిలోలు, అమ్మాయిలకు 3. అండర్-20లో 6, 4. సీనియర్లలో మగవాళ్లకు 7.26, ఆడవాళ్లకు 4. మీ పిల్లల విభాగానికి ఎంత బరువో ఆ ఏడాది పోటీ సర్క్యులర్‌లో చూసి రాసిపెట్టుకోండి. వాట్సాప్‌లో ఎవరో పంపింది నమ్మి తయారు చేయకండి.

స్కూల్లో సరైన గుండు లేదంటారా? చాలా స్కూళ్లలో లేదు, ఆ ఇబ్బంది నాకు తెలుసు. పాత వాలీబాల్‌లో కొంత ఇసుక పోసి, మిగతా జాగాలో గుడ్డ ముక్కలు కుక్కి కుట్టేయండి. కిరాణా కొట్టు కాటా మీద పెట్టి రెండున్నర, మూడు కిలోలకి సరిచేసుకోండి. రెండు చేతులతో ఛాతీ మీద నుంచి తోయించడానికి, కాళ్లతో లేచి పైకి విసరడానికి అది బాగా పనికొస్తుంది. ఫామ్ నేర్పే మొదటి నెలలకి మోయలేని ఇనుప గుండు కంటే ఇదే నయం.

బరువు గుండు అపోహకి తోడబుట్టిందే ఇంకో అపోహ, షాట్‌పుట్ అంతా చేతి బలమేనని. కండ చూపించమని అడిగి టీమ్‌లోకి తీసుకునే వాళ్లని చూస్తే నాకు చిరాకు. బలం కుడి పాదం దగ్గర మొదలవుతుంది. పాదం తిరుగుతుంది, తుంటి తిరుగుతుంది, ఛాతీ తిరుగుతుంది, ఎడమ కాలు గట్టిగా నిలబడి ఆ ఊపును ఆపుతుంది, అప్పుడు చెయ్యి వస్తుంది. చివర్లో వేళ్లు విదిలిస్తాయి. ఎడమచేతి వాటం పిల్లలకి ఇదంతా తిప్పి చెప్పండి. గ్రిప్ సరిగా ఉందో లేదో చూడటానికి ఒక పాత పద్ధతి ఉంది. గుండుకి కాస్త సుద్దపొడి రాసి నాలుగు త్రోలు వేయించి, చెయ్యి చాపమనండి. తెలుపు వేళ్ల మీద, వేళ్ల మొదళ్ల మీద ఉండాలి. అరచేతి గుంటలో ఉండకూడదు. దవడ కింద మెడ మీద మాత్రం మచ్చ పడాలి. మెడ శుభ్రంగా, అరచెయ్యి తెల్లగా ఉందంటే గ్లైడ్ (వెనక్కి తిరిగి నిలబడి, గుండు వేసే సర్కిల్‌లో జారుతూ ముందుకి వచ్చి వేయడం) సంగతి పక్కన పెట్టి గ్రిప్ దగ్గరికి వెళ్లండి.

గ్లైడ్ అంటే గుర్తొచ్చింది. నిలబడి వేసినదానికంటే గ్లైడ్‌తో వేసింది ఎక్కువ దూరం పోవడం లేదంటే ఆ పిల్లకి ఇంకా గ్లైడ్ రాలేదనే అర్థం. సర్కిల్‌లో వెనక నుంచి ముందుకి వస్తోంది, అంతే. మళ్లీ స్టాండింగ్ త్రోకి రండి, పవర్ పొజిషన్ (గుండు తోయబోయే ముందు ఒళ్లు నిలిచే భంగిమ) కుదిరేదాకా.

"45 డిగ్రీల్లో వేయాలి" అని ఫిజిక్స్ మాస్టారు చెప్పారంటారు. వదిలిన ఎత్తూ పడిన ఎత్తూ ఒకటైతే ఆ లెక్క సరే. గుండును భుజం పైనుంచి వదులుతాం, అది నేల మీద పడుతుంది. పైన చెప్పిన 9 మీటర్ల వేగానికే చూడండి, 37 డిగ్రీలకి 9.86 మీటర్లు, 45కి 9.78. పైగా కోణం పెంచేకొద్దీ చేతికి వేగం ఇవ్వడం కష్టమవుతుంది. అందుకే మేటి అథ్లెట్లు కూడా మామూలుగా 40 డిగ్రీల లోపే వదులుతారు. కోణం కోసం పిల్లల్ని వేధించకండి. మరీ ఆకాశంలోకో, మరీ నేలబారుగానో పోతుంటే చెప్పండి, చాలు.

రొటేషన్ (సర్కిల్‌లో గిర్రున తిరిగి వేయడం) ఫౌల్ అని కొందరు నిర్వాహకులే అంటారు. కాదు. నిషేధం ఉన్నది పల్టీ కొట్టి వేయడం మీద. అమెరికా రయాన్ క్రౌజర్ 2023లో 23.56 మీటర్ల ప్రపంచ రికార్డు పెట్టింది రొటేషన్‌తోనే. అలాగని రొటేషన్ నేర్పకపోతే వెనకబడిపోతారన్నదీ నిజం కాదు. న్యూజిలాండ్ వాలరీ ఆడమ్స్, పోలండ్ టోమాష్ మయెవ్‌స్కీ ఇద్దరూ గ్లైడ్‌తోనే 2008, 2012 ఒలింపిక్స్ రెండింట్లో బంగారు పతకాలు గెలిచారు. రొటేషన్ కుదరడానికి చాలా త్రోలు, సిమెంటు సర్కిల్, పక్కన ఉండి చూసే కోచ్ కావాలి. మట్టి నేల మీద, వారానికి రెండు రోజుల ప్రాక్టీస్‌తో గ్లైడే మంచిదని నా అభిప్రాయం.

లావుగా ఉన్న పిల్లలకే ఈ ఆట అన్నది కూడా తప్పు. సన్నగా, పొడుగ్గా ఉండి, నిలువునా ఎత్తుకి గెంతగలిగే పిల్లని ముందు పిలవండి.

ఇక తల్లుల భయాలు. వీటిని నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే పిల్ల మీద ప్రేమతోనే అడుగుతారు. బరువులెత్తితే ఎత్తు పెరగరని అంటారు. పద్ధతిగా, పెద్దవాళ్ల పర్యవేక్షణలో చేసే బరువుల వ్యాయామం ఎదుగుదలని ఆపదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వంటి వైద్యుల సంఘాలు ఏళ్లుగా చెబుతున్నాయి. అమ్మాయిలకి గర్భసంచి జారుతుందన్న భయం ఇంకోటి. ఆ సమస్యకి ప్రధాన కారణాలు కాన్పులు, వయసు. స్కూల్లో పద్ధతిగా నేర్పే మూడు కిలోల గుండు కాదు. మన శ్రీకాకుళం ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు, ఆ తర్వాత తల్లి కూడా అయ్యారు. మగవాళ్లలా కండలొస్తాయన్న దిగులు కూడా వద్దు, ఆడపిల్లల ఒంట్లో అందుకు కావలసిన హార్మోన్ చాలా తక్కువ. నెలసరి రోజుల్లో ఒంట్లో బాగుంటే వేయొచ్చు, నొప్పిగా ఉంటే మానొచ్చు. ఆ మాట పిల్ల నోటితో చెప్పగలిగేలా ఉంచండి, చాలు. నిజంగా భయపడాల్సింది ఒక్కటే, మోచేతిలోనో మణికట్టులోనో రోజులు గడిచినా తగ్గని నొప్పి. దానికి బామ్ రాసి ఊరుకోకుండా డాక్టరుకి చూపించండి.

ఫౌల్స్ గురించి త్వరగా చెప్పేస్తాను. సర్కిల్ ముందు అంచున ఉండే స్టాప్ బోర్డు లోపలి వైపు కాలు తగిలితే ఫౌల్ కాదు, పైభాగం తగిలితే ఫౌల్. గుండు నేలని తాకకముందు సర్కిల్ దాటకూడదు, దాటేది వెనక సగం నుంచే. దూరం పడిందన్న సంతోషంలో ముందు నుంచి గెంతి బయటికొచ్చి మంచి త్రో పోగొట్టుకునే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. ప్రాక్టీస్‌లోనే ప్రతి త్రో తర్వాత వెనక నుంచి నడిచి రమ్మనండి, అలవాటైపోతుంది.

చివరిగా ఇంకొకటి. పడిన గుండును తిరిగి సర్కిల్ వైపు విసిరితే టైమ్ కలిసొస్తుందని పిల్లలు అనుకుంటారు. నిబంధనల ప్రకారం దాన్ని మోసుకొచ్చి ఇవ్వాలే తప్ప విసరకూడదు. సెక్టార్‌లో (గుండు పడే జాగాలో) ఒక్కరు ఉన్నా తర్వాతి త్రో వేయనివ్వకండి, బెల్ కొట్టే టైమ్ అయినా సరే.