రేపటి పిక్, నేటి జీతం: ఫాంటసీ ఫుట్‌బాల్ తగువుల వెనుక ఉన్న చరిత్ర

నిజమైన ఆటగాళ్లతో ఊహా జట్లు కట్టి, మైదానంలో వారి ఆటను బట్టి పాయింట్లు లెక్కవేసుకునే అమెరికన్ ఫుట్‌బాల్ ఫాంటసీ లీగ్‌లలో కొన్ని ఏటా కొత్తగా మొదలవుతాయి, కొన్నిటిలో అదే జట్టు ఏళ్ల తరబడి కొనసాగుతుంది. డైనాస్టీ అని పిలిచే ఈ రెండో రకం లీగ్‌లు జీతాల పరిమితిని, అంటే శాలరీ క్యాప్‌ను కూడా పెట్టుకున్నప్పుడు ఒక తగువు దాదాపు ప్రతి సీజన్‌లోనూ తలెత్తుతుంది. గెలుపు అందేలా ఉన్న యజమానులు రాబోయే రెండు మూడేళ్ల డ్రాఫ్ట్ పిక్‌లను, అంటే కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే హక్కులను, ఇచ్చేసి పెద్ద జీతాల ఆటగాళ్లను తెచ్చుకుంటారు. ఓడుతున్నవారు ఆ జీతాలను వదిలించుకుని పిక్‌లు కూడబెడతారు. ఇందులో ఏది వ్యూహం, ఏది లీగ్‌ను పాడుచేసే పని అన్నది తేల్చాలంటే ఈ నియమాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలి. డ్రాఫ్ట్‌కూ క్యాప్‌కూ మధ్య దాదాపు ఆరు దశాబ్దాల ఎడం ఉంది. ఆ రెండింటినీ నిజంగా ముడివేసిన మూడో నియమం 2011లో గానీ రాలేదు.

అసలు లీగ్‌లో, అంటే అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, ముందు పుట్టింది డ్రాఫ్ట్. మంచి ఆటగాళ్లందరూ డబ్బున్న జట్లకే పోతున్న రోజుల్లో, అట్టడుగున ఉన్న ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బెర్ట్ బెల్ 1935లో తోటి యజమానుల ముందు ఒక ప్రతిపాదన పెట్టారు: కాలేజీ ఆట ముగించుకుని వచ్చేవారిని జట్లు వంతులవారీగా ఎంచుకోవాలి, అందరికంటే ఎక్కువ ఓడిన జట్టుకు మొదటి వంతు దక్కాలి. 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలోని రిట్జ్ కార్ల్‌టన్ హోటల్‌లో తొమ్మిది జట్లు తొమ్మిది రౌండ్లలో 81 మందిని ఎంచుకున్నాయి. మొట్టమొదట ఎంపికైన షికాగో విశ్వవిద్యాలయ ఆటగాడు జే బెర్వాంగర్ వృత్తి ఫుట్‌బాల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. పిక్ అంటే ఆటగాడు కాదు, ఆటగాడితో మాట్లాడుకునే హక్కు మాత్రమేనన్న సంగతి మొదటి రోజే రుజువైంది.

ఫాంటసీ ఆట పుట్టింది 1962లో. ఓక్లండ్ రైడర్స్ జట్టులో వాటా ఉన్న బిల్ వింకెన్‌బాక్, ఆ జట్టు వెంట న్యూయార్క్ వెళ్లినప్పుడు, ప్రచార విభాగానికి చెందిన బిల్ టనెల్, ఓక్లండ్ ట్రిబ్యూన్ విలేఖరి స్కాటీ స్టర్లింగ్‌లతో కలిసి హోటల్‌లో కూర్చుని నియమాలు రాసుకున్నారు. మరుసటి ఏడు ఆగస్టులో వింకెన్‌బాక్ ఇంట్లో ఎనిమిది జట్లతో తొలి డ్రాఫ్ట్ జరిగింది. అందరికంటే ముందు ఎంపికైనవారు హ్యూస్టన్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ జట్టు దాడిని నడిపే ఆటగాడు) జార్జ్ బ్లాండా. ఆ పిక్‌కు అందుబాటులోనే ఉన్న క్లీవ్‌లాండ్ ఆటగాడు జిమ్ బ్రౌన్ ఆ సీజన్‌లో 1,863 యార్డులు పరుగెత్తి అప్పటి రికార్డు సృష్టించారు. వింకెన్‌బాక్ బృందం డ్రాఫ్ట్‌ను మాత్రమే తీసుకుంది. అసలు లీగ్‌లో అప్పటికి జీతాలకు పరిమితి లేదు కనుక ఇక్కడా డబ్బు లెక్క రాలేదు.

ఆ లెక్క బేస్‌బాల్ వైపు నుంచి వచ్చింది. 1980లో డేనియల్ ఓక్రెంట్, ఆయన మిత్రులు న్యూయార్క్‌లో మొదలుపెట్టిన రోటిసరీ లీగ్ అనే ఫాంటసీ బేస్‌బాల్ లీగ్‌లో ఒక్కో యజమాని 260 డాలర్లతో 23 మంది ఆటగాళ్లను వేలంలో కొనుక్కోవాలి. ఈ పద్ధతి తెలుగువారికి వివరించనక్కర్లేనిది. 2008లో మొదటి ఐపీఎల్ వేలానికి జట్టుకు 50 లక్షల డాలర్ల పరిమితి పెట్టినప్పటి నుంచి, చేతిలో ఎంత మిగిలిందో చూసుకుంటూ పాట పాడడం మనకు అలవాటే. ఫుట్‌బాల్ ఫాంటసీ వేలాల్లో 200 డాలర్ల బడ్జెట్ ఆనవాయితీగా స్థిరపడింది.

అసలు లీగ్‌లో క్యాప్ వచ్చిన తీరు వేరు. అది ఆటగాళ్లు స్వేచ్ఛ కోసం చేసిన పోరాటానికి చెల్లించిన మూల్యం. జట్టు మారే హక్కును కట్టడి చేస్తున్న నిబంధనలు చట్టవిరుద్ధమని 1992లో ఆటగాడు ఫ్రీమన్ మెక్‌నీల్ కేసులో మిన్నియాపొలిస్ జ్యూరీ తేల్చింది. ఆ వెంటనే మరో ఆటగాడు రెజీ వైట్ పేరిట వేసిన దావాతో యజమానులు రాజీకి వచ్చారు. 1993 ఒప్పందంలో ఆటగాళ్లకు జట్టు మారే స్వేచ్ఛ, యజమానులకు జీతాల పరిమితి దక్కాయి. 1994లో మొదటి పరిమితి 3.46 కోట్ల డాలర్లు. సంతకం చేసినప్పుడు ముందే ఇచ్చే బోనస్‌ను ఒప్పంద కాలంపై పంచి చూపించుకునే వీలు ఉండడంతో జట్లు భారాన్ని ముందుకు నెట్టడం నేర్చుకున్నాయి. ఆటగాణ్ని మధ్యలో వదిలేస్తే పద్దులో మిగిలిపోయిన వాటా డెడ్ మనీగా మీద పడుతుంది.

అయితే 2011 వరకు డ్రాఫ్ట్ పిక్, క్యాప్ ఒకదానికొకటి సాయపడేవి కావు. మొదటి పిక్ వరమూ భారమూ కూడా. 2010లో మొదట ఎంపికైన సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు సెయింట్ లూయిస్ జట్టు ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది, అందులో 5 కోట్లు హామీ సొమ్ము. మరుసటి ఏడాది కొత్త ఒప్పందం ప్రకారం కొత్తవారి జీతాలు పిక్ వరుసను బట్టి నిర్ణయమైపోవడంతో ఆ ఏడు మొదట ఎంపికైన కామ్ న్యూటన్ నాలుగేళ్లకు సుమారు 2.2 కోట్లకు వచ్చారు. మేటి క్వార్టర్‌బ్యాక్ చౌక జీతంతో ఆడే నాలుగేళ్లలో మిగతా జట్టును కొనుక్కోవాలన్న ఆలోచన అప్పటి నుంచే బలపడింది. క్యాప్ పెట్టుకున్న ఫాంటసీ లీగ్‌లలో మనం చూసే రూకీ (కొత్తగా వచ్చిన ఆటగాళ్ల) జీతాల పట్టిక ఈ 2011 ఏర్పాటుకు నకలు. ఆ పట్టిక ఎంత చౌకగా ఉంటే పిక్ విలువ అంత పెరుగుతుంది. లీగ్ నియమావళిలో అన్నిటికంటే జాగ్రత్తగా రాసుకోవలసిన పేజీ ఇదేనని నేను నమ్ముతాను.

ఎందుకంటే చౌక జీతాల వల్ల మిగిలిన డాలర్లు ఎక్కడికీ పోవు, వేలంలోకే వస్తాయి. పన్నెండు జట్లు, జట్టుకు 200 డాలర్లు అనుకుంటే లీగ్ మొత్తంలో ఉన్నది 2,400, ఆటగాళ్లందరి విలువ కూడా అంతే అనుకుందాం. యజమానులు అట్టేపెట్టుకున్న ఆటగాళ్ల అసలు విలువ 1,500, వారి జీతాలు 1,100 మాత్రమే అయితే, వేలంలో 1,300 డాలర్లు 900 డాలర్ల విలువైన సరుకు వెంట పడతాయి. అంటే ప్రతి ఆటగాడూ దాదాపు 44 శాతం ఎక్కువ పలుకుతాడు. చౌక రూకీలు లేని యజమాని ఈ ధర చూసి లీగ్ అన్యాయంగా ఉందనుకుంటారు. అన్యాయం వేలంలో లేదు, మూడేళ్ల కిందట ఆయన అమ్మేసుకున్న పిక్‌లలో ఉంది.

అసలు లీగ్ నుంచి తెచ్చుకుంటూ చాలామంది మరిచిపోయిన విషయం మరొకటి ఉంది. అక్కడ క్యాప్ లీగ్ ఆదాయంతో పాటు పెరుగుతుంది. కోవిడ్ వల్ల 2020లో ఉన్న 19.82 కోట్ల నుంచి 2021లో 18.25 కోట్లకు తగ్గినా, 2025కు 27.92 కోట్లకు చేరింది. పెరిగే క్యాప్‌లో రేపటికి నెట్టిన భారం తేలికవుతుంది. ఏటా 200 డాలర్లే ఉండే లీగ్‌లో అది తేలిక కాదు, కనుక అసలు జట్ల మేనేజర్లను చూసి జీతాలను చివరి ఏళ్లకు నెట్టేవారు ఇక్కడ చిక్కుకుపోతారు.

ఇక పిక్‌ల మారకం. 1989 అక్టోబరులో డాలస్ కౌబాయ్స్ హెర్షెల్ వాకర్‌ను మిన్నెసోటాకు ఇచ్చి పిక్‌ల రాశిని తెచ్చుకుని తొంభైల విజయాలకు పునాది వేసుకుంది. ఆ జట్టే మొదటి పిక్‌కు 3,000 పాయింట్లుగా రాసుకున్న విలువల పట్టిక తర్వాత అందరికీ కొలబద్ద అయింది. ఆ కొలతను పరిశోధకులు కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ 2005లో పరిశీలించి, తొలి పిక్‌లకు జట్లు మితిమీరి చెల్లిస్తున్నాయనీ, ఏడాది ఆలస్యంగా వచ్చే పిక్‌ను సగం కంటే తక్కువ విలువకు లెక్కకడుతున్నాయనీ చూపారు. వచ్చే ఏటి మొదటి రౌండ్ పిక్ ఈ ఏటి రెండో రౌండ్‌తో సమానమన్న అలవాటు ఫాంటసీ బేరాల్లోనూ ఉంది. ఓపిక ఉన్నవారికి లాభం అక్కడే దొరుకుతుంది.

బెర్ట్ బెల్ పెట్టిన వరుస ఓడినవారికి మేలు చేస్తుంది కనుక కావాలని ఓడే ప్రలోభమూ దానితోనే వచ్చింది. దీనికి ఫాంటసీ లీగ్‌లు కనిపెట్టిన మందు నాకు మెచ్చదగినదిగా అనిపిస్తుంది: గెలుపోటములను కాక, ప్రతి వారం ఆ జట్టు ఆటగాళ్లు అత్యుత్తమంగా దిగి ఉంటే ఎన్ని పాయింట్లు వచ్చేవో లెక్కగట్టి, ఆ మొత్తం తక్కువగా ఉన్న జట్టుకు ముందు పిక్ ఇవ్వడం. మంచి ఆటగాళ్లను బెంచీపై కూర్చోబెట్టినంత మాత్రాన ఇక్కడ వరుస మారదు.

దీనికి ఎదురు రోగం 1999లో న్యూ ఆర్లియన్స్‌లో కనిపించింది. కోచ్ మైక్ డిట్కా రికీ విలియమ్స్ ఒక్కరి కోసం ఆ ఏటి పిక్‌లన్నిటినీ, మరుసటి ఏటి మొదటి, మూడో రౌండ్ పిక్‌లనూ వాషింగ్టన్‌కు ఇచ్చారు. జట్టు 3 గెలిచి 13 ఓడింది, డిట్కా ఉద్యోగం పోయింది, ఇచ్చేసిన మొదటి రౌండ్ పిక్ 2000 డ్రాఫ్ట్‌లో రెండోదిగా తేలి, వాషింగ్టన్ దానితో లవార్ ఆరింగ్టన్‌ను తీసుకుంది. ఫాంటసీలో ఇలా ఖాళీ చేసిన జట్టును వదిలి యజమాని వెళ్లిపోతే, పిక్‌లు లేని, డెడ్ మనీ నిండిన ఆ జట్టును తీసుకోవడానికి మరొకరు దొరకడం కష్టం. అందుకే వచ్చే ఏటి పిక్‌ను అమ్మాలనుకునేవారు ముందు వచ్చే ఏటి రుసుము కట్టాలన్న నిబంధనను అనేక లీగ్‌లు పెట్టుకున్నాయి.