కిటికీ మూసినంత మాత్రాన

చిరంజీవులకు పెదనాన్న ఆశీస్సులు.

పోయిన ఆదివారం ఫోనులో మీరు అడిగిన దానికి నేను సగం జవాబే చెప్పగలిగాను. కాలేజీ సర్వర్‌లోని డెస్క్‌టాప్‌ను హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ మీద తెరిచి, పని కాగానే ఆ కిటికీని మూసేస్తూ వచ్చామనీ, అయినా మీ పేరు మీద నాలుగు డెస్క్‌టాప్‌లు నడుస్తూనే ఉన్నాయని ల్యాబ్ సార్ కోప్పడ్డారనీ చెప్పారు. మూసినవి ఎలా నడుస్తాయన్నది మీ సందేహం. నిజానికి మీరు వాటిని మూయనే లేదు.

మీరు వాడుతున్న విఎన్‌సీ, అంటే దూరపు కంప్యూటర్ తెరను మన ముందున్న కంప్యూటర్‌లో చూపే సాఫ్ట్‌వేర్, ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో, ఒలివెట్టి కంపెనీ నెలకొల్పిన పరిశోధనశాలలో పుట్టింది. 1998లో దాని సోర్స్ కోడ్‌ను అందరికీ ఉచితంగా విడుదల చేశారు. మనిషి ఏ బల్ల దగ్గర కూర్చున్నా తన డెస్క్‌టాప్, వదిలివచ్చిన తీరులోనే, కర్సర్‌తో సహా ఎదురుకావాలన్నది వారి కోరిక. ఆ రూపకర్తల్లో ఒకరైన క్వెంటిన్ స్టాఫర్డ్ ఫ్రేజర్‌కు అంతకుముందే దూరం నుంచి చూసే అలవాటు ఉంది. 1991లో అదే ఊళ్లోని విశ్వవిద్యాలయంలో కాఫీ కూజా నిండుగా ఉందో లేదో కుర్చీలోంచి కదలకుండా తెలుసుకోవడానికి కెమెరా పెట్టిన బృందంలో ఆయన కూడా ఉన్నారు. బద్ధకం కూడా ఒక్కోసారి మంచి యంత్రాలను పుట్టిస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మామూలు కంప్యూటర్‌లో బొమ్మ మానిటర్ మీదికి వెళుతుంది; విఎన్‌సీ సర్వర్ మాత్రం మానిటరే లేని తెరను మెమరీలో కట్టుకుంటుంది. 1280 చుక్కల వెడల్పు, 800 చుక్కల ఎత్తు ఉన్న తెరకు, చుక్కకు 4 బైట్ల చొప్పున, 40,96,000 బైట్లు కావాలి. మీ ల్యాప్‌టాప్‌లో ఆ తెరను చూపే ప్రోగ్రాము, అంటే వ్యూయర్, 'ఏమైనా మారిందా?' అని అడుగుతూ ఉంటుంది, సర్వర్ మారిన భాగాలను మాత్రం దీర్ఘచతురస్రాలుగా కోసి పంపుతుంది. అడిగేవాడు వెళ్లిపోతే పంపడం ఆగుతుందే గాని తెర చెరిగిపోదు, దానిలో తెరిచి ఉంచిన ప్రోగ్రాములు ఆగవు. రాత్రంతా నడవవలసిన లెక్కను అప్పగించి నిశ్చింతగా పడుకోగలగడం ఈ గుణం వల్లే, మీకు తిట్లు పడిందీ ఈ గుణం వల్లే.

కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టుకోండి. మొదట ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు యంత్రంలోకి గుప్తంగా వెళ్లే దారి) ద్వారా సర్వర్‌లోకి వెళ్లి, 'విఎన్‌సీపాస్‌వర్డ్' అనే కమాండ్‌తో (చివరి మాట పొట్టిగా, 'పాస్‌డబ్ల్యూడీ' అని ఉంటుంది) రహస్యపదం పెట్టుకోవాలి. పాత పద్ధతి ప్రకారం అందులో మొదటి 8 అక్షరాలే లెక్కకు వస్తాయి కాబట్టి, ఇరవై అక్షరాలు పెట్టామని ధీమాగా ఉండకండి. తరువాత 'విఎన్‌సీసర్వర్' అని కొట్టి, పక్కన కోలన్, దాన్ని ఆనుకొని 1 వేయండి. ఆ 1 డిస్‌ప్లే సంఖ్య. సున్నా సాధారణంగా యంత్రానికి తగిలించిన అసలు మానిటర్‌ది. డిస్‌ప్లే సంఖ్యకు 5900 కలిపితే పోర్ట్ సంఖ్య, అంటే బయటి పిలుపులు లోపలికి వచ్చే ద్వారం సంఖ్య, వస్తుంది: మొదటిదానికి 5901, నాలుగోదానికి 5904. తెర కొలత మార్చాలంటే అదే వరుసలో 'హైఫన్ జియోమెట్రీ' అని చేర్చి కొలత రాయాలి.

సంఖ్య వేయకుండా ఉత్త కమాండ్ కొడితే ఏమవుతుందో తెలుసా? ఖాళీగా ఉన్న తరువాతి సంఖ్యను అదే వెతుక్కొని, మాట మాట్లాడకుండా కొత్త డెస్క్‌టాప్ తెరుస్తుంది. మీ నాలుగూ అలాగే పుట్టి ఉంటాయని నా అనుమానం.

ఆ పోర్ట్‌ను మాత్రం ఊరందరికీ తెరిచిపెట్టకండి. పాత ప్రోటోకాల్‌లో రహస్యపదం సరిచూసిన తరువాత జరిగే రాకపోకలకు గుప్తలేఖనం లేదు. మీరు కొట్టే ప్రతి అక్షరమూ దారిలో కాచుకున్నవాడు చదవగలడు. అందుకే సర్వర్‌ను 'హైఫన్ లోకల్‌హోస్ట్' చేర్చి మొదలుపెట్టండి. అప్పుడది ఆ యంత్రం లోపలి నుంచి వచ్చే పిలుపులకే పలుకుతుంది. మీ ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్‌కు 'హైఫన్ పెద్ద ఎల్' చేర్చి, ఇక్కడి 5901ని అక్కడి లోకల్‌హోస్ట్ 5901కి కలపండి; ఆపైన వ్యూయర్‌కు మీ ల్యాప్‌టాప్ చిరునామానే, అంటే లోకల్‌హోస్ట్ 5901నే, ఇవ్వండి. కంప్యూటర్లవాళ్లు సొరంగం తవ్వడం అనేది దీన్నే.

డెస్క్‌టాప్‌కు బదులు బూడిదరంగు తెర కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. మీ హోం డైరెక్టరీలోని చుక్క విఎన్‌సీ అనే దాగిన ఫోల్డర్‌లో సాధారణంగా 'ఎక్స్‌స్టార్టప్' ఫైల్ ఉంటుంది. ఏ డెస్క్‌టాప్ మొదలవ్వాలో చెప్పేది అదే. దానికి నడిచే అనుమతి లేకపోవడమో, అందులో పేర్కొన్న డెస్క్‌టాప్ సర్వర్‌లో లేకపోవడమో సాధారణంగా కారణమవుతుంది. నా మాట వింటే తేలికగా ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ పెట్టుకోండి. అదే ఫోల్డర్‌లో జరిగినదంతా రాసుకునే లాగ్ ఫైల్ కూడా ఉంటుంది. నన్ను అడగడానికి ముందు దాని చివరి ఇరవై వరుసలు చదవండి.

ఇక ఆపడం. 'విఎన్‌సీసర్వర్ హైఫన్ లిస్ట్' అంటే మీ పేరున నడుస్తున్నవన్నీ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) సంఖ్యలతో కనిపిస్తాయి. 'హైఫన్ కిల్' తరువాత కోలన్, డిస్‌ప్లే సంఖ్య ఇస్తే అది ఆగుతుంది, అయితే భద్రపరచని ఫైళ్లు దానితోపాటే పోతాయి. నేను ఉద్యోగం చేసే రోజుల్లో ఒకసారి, సర్వర్ నెమ్మదించిందని విసుగుపుట్టి, లిస్ట్ చూడకుండానే మూడోదాన్ని ఆపేశాను. నేను రెండు రోజులుగా నడిపిస్తున్న లెక్క అందులోనే ఉంది. మెమరీని తింటున్నది ఐదోది.

కరెంటు పోయి సర్వర్ హఠాత్తుగా పడిపోతే మరో చిక్కు వస్తుంది. టెంప్ డైరెక్టరీలో ఆ డిస్‌ప్లే సంఖ్య వాడుకలో ఉందని చెప్పే తాళం ఫైల్ ఒక్కోసారి మిగిలిపోయి, నడవని డెస్క్‌టాప్‌ను నడుస్తున్నట్టు చూపుతుంది. నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే 'పీఎస్' కమాండ్‌తో ఆ ప్రాసెస్ నిజంగా లేదని రూఢి చేసుకున్న తరువాతే ఆ ఫైల్‌ను తొలగించాలి.

మీ సర్వర్‌లో రెడ్‌హ్యాట్ వర్గపు లినక్స్, టైగర్‌విఎన్‌సీ అనే విఎన్‌సీ రకపు కొత్త వెర్షన్ ఉంటే పద్ధతి కొంత మారుతుంది: ఏ సంఖ్య ఎవరిదో రూట్ అధికారం (సర్వర్ మీద పూర్తి అధికారం) ఉన్నవారు ఒక ఫైల్‌లో రాసి, 'సిస్టమ్‌సీటీఎల్' అనే కమాండ్‌తో మొదలుపెడతారు, ఆపుతారు. అక్కడ మీరు ల్యాబ్ సార్‌నే అడగాలి. నాలుగు ఆపిన తరువాత అడిగితే మంచిది.

రేపు లోపలికి వెళ్లగానే ముందు లిస్ట్ కొట్టి, ఏ సంఖ్యలో ఏ పని ఉందో ఒక్కొక్కటిగా తెరిచి చూసి, అక్కరలేని వాటిని ఆపి, ఎన్ని మిగిలాయో నాకు రాయండి.

ఇట్లు,
మీ పెదనాన్న