చుట్టపుచూపుగా వచ్చే నేరో గేజి ఆవిరి ఇంజన్లు: అపోహలు - వాస్తవాలు

బ్రిటన్‌లో భాగమైన వేల్స్‌లో, పట్టాల మధ్య దూరం మామూలు కంటే తక్కువగా ఉండే ఒక వారసత్వ నేరో గేజి రైలు మార్గంలో సెలవు రోజుల్లో స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. ఇంజన్లు తుడవడంతో మొదలుపెట్టి, కొన్నాళ్లు ఇంజన్‌లో బొగ్గు వేసి మంట చూసుకునే ఫైర్‌మన్‌గా ఉండి, ఇప్పుడు షెడ్డులో మరమ్మతులు చూస్తున్నాను. ఏటా ఏదో ఒక ఉత్సవం పేరుతో మరో మార్గం నుంచి గానీ, ఎవరైనా సొంతంగా భద్రపరచుకున్న సేకరణ నుంచి గానీ ఒక పాత ఇంజన్ లారీ మీద మా దగ్గరికి చుట్టపుచూపుగా వస్తుంది. దాన్ని చూడవచ్చే తెలుగువారూ, ఊరి నుంచి ఫోన్‌లో అడిగే బంధువులూ మళ్లీ మళ్లీ వేసే ప్రశ్నల వెనుక కొన్ని అపోహలున్నాయి. వాటికి నాకు తెలిసినంతలో జవాబులు రాస్తున్నాను.

అపోహ: నేరో గేజి అంటే ఒకే కొలత, కాబట్టి ఏ ఇంజనైనా ఏ మార్గంలోనైనా నడుస్తుంది.

నేరో గేజి అనేది ఒక కొలత పేరు కాదు, ఒక కుటుంబం పేరు. డార్జిలింగ్ పట్టాల మధ్య దూరం 610 మిల్లీమీటర్లు. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వరకు, బ్రాడ్ గేజి కాకముందు నడిచిన చిన్న రైలుది 762. చాలామంది ఇదే కోవలో చేర్చే నీలగిరి రైలు అసలు మీటర్ గేజి. వేల్స్‌కు వస్తే ఫెస్టినియోగ్ మార్గం 597, టాలిథ్లిన్ 686, వెల్ష్‌పూల్ నుంచి వెళ్లే మార్గం 762. డార్జిలింగ్‌కూ ఫెస్టినియోగ్‌కూ ఉన్న తేడా 13 మిల్లీమీటర్లే కదా అనిపించవచ్చు గానీ, చక్రం అంచు పట్టా లోపలి వైపును ఒరుసుకుంటూ పోయే చోట అది చాలా పెద్ద దూరం.

కాగితం మీద కొలత ఒకటే అయినా సరిపోదని టాలిథ్లిన్ చరిత్ర చెబుతుంది. 1951లో స్వచ్ఛంద కార్యకర్తలు ఆ మార్గాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు. ప్రపంచంలో అలా కాపాడుకున్న మొదటి రైలు మార్గం అదే. మూతపడిన కోరిస్ రైల్వే నుంచి వారు రెండు ఇంజన్లు కొన్నారు. వాటిదీ 686 మిల్లీమీటర్ల గేజే అయినా, వాటిలో ముందుగా నడిపినది పట్టాల మధ్యలోకి జారి పడసాగింది. టాలిథ్లిన్ సొంత ఇంజనొకదానికి ఇరుసుల మధ్య దూరం ఎక్కువ కావడంతో, అది వంపుల్లో బిగుసుకుపోకుండా పూర్వపు యాజమాన్యం పట్టాలను కావాలనే దాదాపు అర అంగుళం ఎడంగా వేసి ఉంచింది. పాత ఇంజన్ల చక్రాలు వెడల్పైనవి కాబట్టి నెట్టుకొచ్చాయి, కోరిస్ చక్రాలు సన్ననివి కాబట్టి నిలవలేకపోయాయి. చివరికి పట్టాలను అసలు గేజికి తిరిగి వేసి, ఆ ఇంజన్ చక్రాలను వెడల్పు చేయించాకే సమస్య తీరింది.

లీడ్స్ నగరంలో హన్స్‌లెట్ కంపెనీ 1893లో తయారు చేసిన లిండా కథ కూడా ఇలాంటిదే. పెన్రిన్ పలకరాయి గనుల మార్గం నుంచి 1962లో ఫెస్టినియోగ్‌కు అద్దెకు వచ్చింది. దాని సొంత గేజి సుమారు 578 మిల్లీమీటర్లు కాబట్టి చక్రాలను కొత్త మార్గానికి తగ్గట్టు మార్చారు. తర్వాతి కాలంలో వంపుల్లో స్థిరంగా నడవడానికి ముందు భాగంలో ఒక జత చిన్న చక్రాలు కూడా అమర్చారు. అద్దెకు వచ్చిన మరుసటి ఏడాది దాన్ని కొనేశారు. చుట్టంగా వచ్చి ఇంటి మనిషైపోయిన ఇంజన్ అది.

అందుకే కొత్త ఇంజన్ రాగానే మేము మొదట చూసేది బాయిలర్‌నో రంగునో కాదు, చక్రాలను. ఒక ఇరుసు మీది రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య ఉక్కు కొలత కడ్డీ పెట్టి, చక్రాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ చుట్టూ మూడు చోట్ల కొలుస్తాము. మూడూ ఒకటి కాకపోతే ఇరుసు వంగిందనో చక్రం వదులైందనో అనుమానించాలి. తర్వాత అంచు మందం, అరుగుదల చూస్తాము. ఆపైన ఇంజన్‌నూ పెట్టెలనూ కలిపే కప్లింగ్ ఎత్తు. ఒకసారి వచ్చిన ఇంజన్ కప్లింగ్ మా పెట్టెల కంటే రెండంగుళాలు కిందికి ఉందని లారీ దించాక గాని తెలియలేదు. ముందుగా పంపిన కొలతల్లో తప్పు దొర్లింది. మధ్యలో తగిలించే ముక్క తయారు చేయడానికి ఆ రాత్రంతా పట్టింది. అప్పటి నుంచి ఎవరు ఏ కొలత పంపినా స్వయంగా వెళ్లి కొలిచి వస్తున్నాను.

అపోహ: లారీ దిగగానే నిప్పు వేసి బయలుదేరవచ్చు.

బ్రిటన్‌లో బాయిలర్‌ను సుమారు పదేళ్లకోసారి విప్పి పూర్తిగా పరీక్షిస్తారు, ఆ మధ్యలో ఏటా చల్లగా ఉన్నప్పుడొకసారి, ఆవిరితో ఒకసారి నిపుణుడైన ఇన్‌స్పెక్టర్ చూడాలి. ఆ కాగితాలు లేని ఇంజన్ ప్రదర్శనకు నిలబడుతుందే గానీ కదలదు. కాగితాలన్నీ ఉన్నా చల్లారిన బాయిలర్‌ను తొందరపెట్టకూడదు. చాలా ఇంజన్లలో నిప్పు మండే లోపలి పెట్టె, అంటే ఫైర్‌బాక్స్, రాగిది, బయటి పెంకు ఉక్కుది. వేడికి రెండూ ఒకేలా సాగవు. ఒక్కసారిగా మంట పెంచితే వేడి పొగ వెళ్లే ట్యూబుల చివర్లు, ఆ రెండు గోడలనూ కలిపి పట్టే స్టే బోల్టులు కారడం మొదలవుతుంది. అందుకని ముందు రోజు సాయంత్రం చిన్న నిప్పు వేసి, రాత్రంతా బాయిలర్ గోరువెచ్చగా ఉండేలా వదిలి, తెల్లవారాక మెల్లగా ఆవిరి కూడగడతాము. బాయిలర్ పక్కన చెయ్యి ఆనిస్తే పైభాగం కాలిపోతూ, అడుగు ఇంకా చల్లగా తగులుతుంది. ఆ తేడా తగ్గేదాకా ఓపిక పట్టడమే పని.

అపోహ: ఇవి బొమ్మ రైళ్లు.

ఈ మాట వింటే నాకు బాధ కలుగుతుంది. డార్జిలింగ్ బి తరగతి ఇంజన్లు 2,258 మీటర్ల ఎత్తున ఉన్న ఘూమ్ మీదుగా దశాబ్దాల తరబడి ప్రయాణికులనూ సరకునూ మోశాయి. ఏటవాలులో చక్రాలు జారకుండా ఇంజన్ ముందు అంచున కూర్చుని చేత్తో పట్టాల మీద ఇసుక చల్లే మనుషులు ఉండేవారు, బొగ్గు గడ్డలను పగలగొట్టడానికి మరో మనిషి ఉండేవాడు. ఆ తరగతిలో భారతదేశం దాటి వెళ్లినది ఒక్కటే. 1889లో షార్ప్ స్టూవర్ట్ కంపెనీ తయారు చేసిన ఆ 19వ నంబరు ఇంజన్ తర్వాత 778 అయింది. అమెరికాకు అమ్ముడుపోయి, ఇండియానాలోని హెస్టన్ మ్యూజియంలో చాలా ఏళ్లు ఉండి, బ్రిటన్ రైల్వే ప్రముఖుడు ఏడ్రియన్ షూటర్ కొనడంతో బ్రిటన్ చేరింది. ఫెస్టినియోగ్, లాన్‌సెస్టన్, లేటన్ బజర్డ్ మార్గాల్లో అతిథిగా నడిచింది. గేజి చిన్నదైతే బలం చిన్నదని కూడా అనుకోకూడదు. దక్షిణాఫ్రికా నుంచి వచ్చి ఇప్పుడు వెల్ష్ హైలాండ్ మార్గంలో నడుస్తున్న గారట్ ఇంజన్లు (ఒకే బాయిలర్ కింద ముందూ వెనకా రెండు చక్రాల బండ్లు ఉండే రకం) 60 టన్నులకు పైగా బరువుంటాయి. ఆ బరువును పది ఇరుసుల మీద పంచబట్టే ఆ పట్టాలు తట్టుకుంటున్నాయి.

అపోహ: ఇంజన్‌తో వచ్చిన డ్రైవరే నడుపుతాడు.

అతనికి ఇంజన్ తెలుసు, మార్గం తెలియదు. మా వాలులూ సిగ్నళ్లూ తెలిసిన మా డ్రైవర్ బాధ్యత తీసుకుంటాడు, వారి మనిషి పక్కన నిలబడి ఇంజన్ స్వభావం చెబుతాడు.

అపోహ: నల్లటి పొగ ఎంత దట్టంగా వస్తే ఇంజన్ అంత బలంగా పనిచేస్తున్నట్టు.

ఫోటోలకు అది బాగుంటుందని నాకూ తెలుసు. కానీ నల్లపొగ అంటే కాలకుండా గొట్టంలోంచి పోతున్న బొగ్గు. మంచి ఫైర్‌మన్ పలుచగా, తరచుగా బొగ్గు వేసి, పై నుంచి తగినంత గాలి ఇచ్చి, గొట్టం మీద లేత బూడిద రంగు మాత్రమే కనిపించేలా చూస్తాడు. 2023 నవంబరులో వేల్స్‌లోని ఫోస్-ఎ-ఫ్రాన్ గని మూతపడ్డాక దిగుమతి బొగ్గుతో సర్దుకోవలసి వస్తోంది. అది ఒక్కో ఫైర్‌బాక్స్‌లో ఒక్కో రకంగా కాలుతుంది. అందుకే ఇప్పుడు ఇంజన్ యజమానులు మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న మీ దగ్గర ఏ బొగ్గు ఉందనే. కిందటిసారి వచ్చిన ఇంజన్‌తో పాటు దాని యజమాని నాలుగు బస్తాల సొంత బొగ్గు కూడా పంపారు. మొదటి రోజు దానితోనూ, రెండో రోజు మా బొగ్గుతోనూ ఖాళీ పెట్టెలను లాగించి, రెండుసార్లూ బూడిద తీసి చూపించాకే ప్రయాణికులను ఎక్కించడానికి ఒప్పుకున్నారు.