కేంద్రక సంలీనం: పెట్టిందెంత, వచ్చిందెంత?

రెండు తేలిక కేంద్రకాలను కలపడం కొత్త విద్యేం కాదు. 1934లోనే కేంబ్రిడ్జ్‌లో ఒలిఫాంట్, హార్టెక్, రూథర్‌ఫర్డ్ డ్యుటీరియాన్ని (బరువైన హైడ్రోజన్) డ్యుటీరియంతో ఢీకొట్టించి చూపించారు. పెట్టిన శక్తికన్నా ఎక్కువ రాబట్టడం దగ్గరే పేచీ. 1955లో జాన్ లాసన్ దానికో లెక్క కట్టాడు: ప్లాస్మా (ఎలక్ట్రాన్లు విడిపోయేంత వేడెక్కిన వాయువు) సాంద్రత, ఉష్ణోగ్రత, ఆ వేడి ఎంతసేపు నిలుస్తుందన్నది. వీటిలో మొండిది మూడోదే.

1958 జనవరిలో బ్రిటన్‌లోని హార్వెల్‌లో జీటా అనే సంలీన యంత్రం న్యూట్రాన్లు ఇచ్చిందనగానే, అవి సంలీనానికి గుర్తు కాబట్టి, పత్రికలు పండగ చేసుకున్నాయి. న్యూట్రాన్లు వచ్చిన మాట నిజమే, కానీ వేడి వల్ల కాదు. ప్లాస్మా అస్థిరమై మెలికలు తిరిగినప్పుడు పుట్టిన విద్యుత్ క్షేత్రాలు కొన్ని అయాన్లను విసిరికొట్టాయి, న్యూట్రాన్లు వాటి పుణ్యమే. నెలల్లోనే ప్రకటన వెనక్కి తీసుకున్నారు.

అందుకే 1968లో నోవోసిబిర్స్క్ సదస్సులో సోవియట్ శాస్త్రవేత్తలు తమ టీ-3 టోకమాక్‌లో (ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంతో గారె ఆకారంలో బంధించే యంత్రం) ప్లాస్మా కోటి డిగ్రీలకు చేరిందంటే చాలామంది నమ్మలేదు. మరుసటి ఏడాది బ్రిటన్‌లోని కల్హామ్ ప్రయోగశాల బృందం సొంత లేజర్ మోసుకుని మాస్కో వెళ్లింది. ఎలక్ట్రాన్లు ఎంత వేగంగా కదిలితే, వాటి మీద పడి చెదిరే లేజర్ కాంతి వర్ణపటం అంత వెడల్పవుతుంది. ఆ వెడల్పు కొలిస్తే ఉష్ణోగ్రత తెలిసిపోతుంది. సోవియట్ల మాటే నిజమైంది. అమెరికాలోని ప్రిన్స్‌టన్ వాళ్లు తమ స్టెలరేటర్‌నే (ప్లాస్మాను బంధించే మరో రకం యంత్రం) టోకమాక్‌గా మార్చేసుకున్నారు.

1997లో బ్రిటన్‌లోని జెట్ అనే టోకమాక్ 24 మెగావాట్ల తాపనానికి (ప్లాస్మాను వేడిచేయడానికి) 16 మెగావాట్ల సంలీన శక్తి ఇచ్చింది. అయితే దాని కార్బన్ గోడ పలకల్లో ఇంధనమైన ట్రిటియం (హైడ్రోజన్‌లో మరింత బరువైన రకం) ఇరుక్కుపోయేది. తర్వాత వాటిని తీసేసి బెరీలియం, టంగ్‌స్టన్ బిగించారు.

లేజర్లతో సంలీనం చేసే అమెరికాలోని ఎన్‌ఐఎఫ్ ప్రయోగశాల 2022 డిసెంబరులో 2.05 మెగాజౌళ్ల లేజర్ శక్తికి 3.15 రాబట్టింది. లేజర్లు కరెంటు లైన్ల నుంచి లాగింది మాత్రం 300 మెగాజౌళ్ల దాకా. 'లాభం' అన్న మాట వినగానే లెక్క ఎక్కడ మొదలైందో అడగాల్సింది ఇందుకే.

ఫ్రాన్స్‌లో కడుతున్న ఈటర్ అనే టోకమాక్ లక్ష్యం 50 మెగావాట్ల తాపనానికి 500 మెగావాట్ల సంలీన శక్తి. అదీ వేడి రూపంలోనే, కరెంటు తీయరు. ఇంకో చిక్కు ట్రిటియం. దాని అర్ధాయువు 12.3 ఏళ్లే, ప్రకృతిలో దొరికేది నామమాత్రం. చుట్టూ లిథియం పేర్చి, న్యూట్రాన్లతో అక్కడే తయారుచేసుకోవాలి. ఒక చర్యకు ఒక ట్రిటియం ఖర్చయి ఒకే న్యూట్రాన్ వస్తుంది, అందులోనూ కొన్ని ఉక్కు కట్టడానికే పోతాయి. ఆ లోటు పూడ్చడానికి బెరీలియమో సీసమో కలిపి న్యూట్రాన్ల సంఖ్య పెంచాలి.