మునగడమే దాని పని

తోక లేదు. కాళ్లు లేవు. రెక్కలూ కళ్లూ అంతకన్నా లేవు. చూపుడువేలికన్నా సన్నగా, రెండు కొసలా ఇంకాస్త సన్నబడి, ఒంటినిండా ఉంగరాల్లాంటి గీతలతో ఉండే అయిదంగుళాల మెత్తటి ప్లాస్టిక్ పుల్ల. తళతళలాడే లోహపు చేపల పక్కన, కాళ్లాడించే ప్లాస్టిక్ కప్పల పక్కన పెడితే ఇది సగంలో వదిలేసిన బొమ్మలా కనిపిస్తుంది. అయినా ఒక్క ఎరే వెంట తీసుకెళ్లమంటే, బాస్ అనే మంచినీటి వేటచేపల కోసం గాలం వేసేవాళ్లలో చాలామంది చెయ్యి ముందు దీనిమీదికే పోతుంది. పేరు స్టిక్ బెయిట్. మనం పుల్ల అనుకుందాం.

తికమకంతా కొనేటప్పుడే. ఒక్క ఆకుపచ్చలోనే పది రకాలు, వాటిలో ఎర్ర మెరుపుపొడి కలిపినవి కొన్ని, నల్లది కలిపినవి కొన్ని. నేనూ చాలాకాలం రంగులు ఏరుతూనే గడిపాను. ఇప్పుడు ప్యాకెట్ చేతిలోకి తీసుకుంటే ముందు వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది నీళ్లలో ఎలా మునుగుతుంది? రంగూ వాసనా ఆ తర్వాతి మాటలు.

ఈ బుద్ధి పుట్టింది ఒక గాజు తొట్టె దగ్గర. చూడటానికి కవల పిల్లల్లా ఉన్న రెండు పుల్లలు తీసుకున్నాను. ఒకదానిలో ఉప్పు కలిపారు, రెండోదానిలో లేదు. రెండింటినీ నీటిమీద అడ్డంగా పెట్టి ఒకేసారి వదిలాను. ఉప్పు లేనిది వెళ్లాలా వద్దా అన్నట్టు బద్ధకంగా దిగింది. ఉప్పున్నది అడ్డంగా పడుకునే, తొందరేమీ లేకుండా, కానీ ఆగకుండా దిగింది. దిగుతున్నంతసేపూ రెండు కొసలూ సన్నగా వణికాయి. దాన్ని ఎవరూ లాగలేదు, కదపలేదు. ఆ వణుకు కోసమే జనం దీన్ని కొంటారని అప్పుడు తెలిసింది.

మెత్తటి ప్లాస్టిక్ ఎరల కథ 1949లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఆక్రన్‌లో మొదలైంది. నిక్ క్రీమ్, ఆయన భార్య కాస్మా ఇంట్లో పొయ్యిమీద వినైల్ కరిగించి, అచ్చులో పోసి వానపాములు చేశారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలపాటు తయారీదారులు ఆ పాముకు తోకలు తగిలించారు, చెవులు పెట్టారు, తొండాలు మొలిపించారు. 1990లలో గ్యారీ యమమోటో అనే ఎరల తయారీదారు వీటన్నిటినీ తీసేసి, ఉప్పు బాగా దట్టించిన ఒట్టి పుల్లను అమ్మకానికి పెట్టాడు. దాని పేరు సెంకో. ఇప్పుడు దొరికే పుల్లలన్నీ దాదాపు దాని సంతానమే.

ఉప్పు ఎందుకు? చేపకు రుచి కోసం, నోట్లో వేసుకున్నాక ఇంకో క్షణం ఎక్కువ పట్టుకోవడం కోసం అని అందరూ చెబుతారు. అది నిజమైనా కావచ్చు గానీ, ఉప్పు చేసే అసలు పని తూకానికి సంబంధించింది. పుల్ల పదార్థం ప్లాస్టిసాల్. పీవీసీ పొడిని ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవంలో కలిపి, సుమారు 175 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తే పాలలా ఉన్నది జున్నులా గట్టిపడుతుంది. ఈ మెత్తటి పదార్థం సాంద్రత నీటికి చాలా దగ్గరగా, రవ్వంత ఎక్కువగా ఉంటుంది. ఉప్పు సాంద్రత నీటికి రెండు రెట్ల పైమాటే, 2.16. సీసంలా ఒకచోట గుండు కట్టకుండా ఒంటినిండా సమంగా పరుచుకునే బరువు అది. అందుకే పుల్ల తలకిందులు కాకుండా పడుకునే దిగుతుంది.

చిన్న లెక్క చేద్దాం. ఉప్పున్న అయిదంగుళాల పుల్ల గాలిలో సుమారు 10 గ్రాములు తూగుతుంది. నీటిలో ఆర్కిమెడిస్ చెప్పినట్టు, అది తొలగించిన నీటి బరువు పోగా మిగిలేది ఒకటి, ఒకటిన్నర గ్రాములే. కిందికి లాగేది ఆ కాస్త బరువు. నీటి నిరోధం దానికి సరితూగిన చోట వేగం పెరగడం ఆగుతుంది. పాఠ్యపుస్తకాల్లో చరమ వేగం అంటారే, అది. ఈ కొలతలకు అది సెకనుకు 14, 15 సెంటీమీటర్ల దగ్గర తేలుతుంది. మీటరు లోతుకు దిగడానికి ఏడు సెకన్లు. ఈ మిగిలిన బరువు రెట్టింపైతే వేగం రెట్టింపు కాదు, వర్గమూలం లెక్కన 1.4 రెట్లే పెరుగుతుంది. మందం పెరిగినా అంతే. అందుకే ఒకే పదార్థంతో చేసినా లావు పుల్ల సన్నదానికంటే త్వరగా అడుగు చేరుతుంది.

మరి వణుకు ఎక్కడిది? అడ్డంగా దిగే గుండ్రటి కడ్డీ వెనక నీరు నున్నగా కలుసుకోదు. ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క సుడులు విడిపోతాయి. గాలికి కరెంటు తీగలు రొద చేసేదీ ఈ కార్మన్ సుడుల వల్లనే. సుడి విడిపోయినప్పుడల్లా పుల్లకు చిన్న తోపుడు తగులుతుంది. గట్టి కడ్డీ ఆ తోపుడును పట్టించుకోదు. మెత్తటిది ఒంగుతుంది, మళ్లీ సాగి నిటారవుతుంది. కాబట్టి మునిగే వేగం ఎంత ముఖ్యమో మెత్తదనమూ అంతే. చల్లటి నీటిలో ప్లాస్టిక్ బిగుసుకుంటుంది కాబట్టి అప్పుడు మరీ మెత్తటిది వెతుక్కోవాలి. కొనేముందు ప్యాకెట్ మీది రంగు పేరు చదవడం కంటే, పుల్లను ఒక కొస పట్టుకుని అడ్డంగా చాచి రెండో కొస ఎంత వాలుతుందో చూడటం మేలు.

గాలం గుచ్చే చోటు మారితే ఇదే పుల్ల వేరే ఎర అవుతుంది. ఇలా గుచ్చే ఒక్కో పద్ధతిని రిగ్ అంటారు. సరిగ్గా నడుముకు గుచ్చితే వాకీ రిగ్. నడుము గాలంతో పాటు ముందు దిగుతుంది, కొసలు రెండూ పైకి ఒంగి కొట్టుకుంటాయి. వణుకు ఎక్కువగా కనిపించేది ఇందులోనే. కానీ గాలం ముల్లు బయటే ఉంటుంది గనక నాచులో తగులుకుంటుంది, పుల్లేమో రెండు మూడు చేపలకే నడుము దగ్గర తెగిపోతుంది. ఒక రబ్బరు ఉంగరం తొడిగి, గాలాన్ని దాని కిందికి దూర్చితే ప్లాస్టిక్‌కు ఆయుష్షు పెరుగుతుంది. నాచు దట్టంగా ఉన్నచోట టెక్సస్ రిగ్ నయం: ముక్కులోంచి గుచ్చి, గాలాన్ని తిప్పి, ముల్లు మళ్లీ ఒంట్లోనే దాచేస్తారు. సీసం కట్టకుండా వదిలితే పక్కకు జారుతూ దిగుతుంది. ఒక కొసలో సన్నటి మేకు బరువు దోపితే నెకో రిగ్. అది తలకిందులుగా దిగి అడుగున నిలబడి తోకాడిస్తుంది. లోతు ఎక్కువైతే నేను దీనివైపే మొగ్గుతాను. ఆరు మీటర్ల లోతుకు ఒట్టి పుల్ల దిగేదాకా కూచునే ఓపిక నాకు లేదు.

దారం సంగతి చాలామంది మరిచిపోతారు. ఫ్లోరోకార్బన్ సాంద్రత 1.78, తనే మునిగి పుల్లను వెంట తీసుకుపోతుంది. నైలాన్ దారానిది సుమారు 1.14. అల్లిక దారం పాలిఎథిలీన్‌ది, 0.97, నీటిమీద తేలి పుల్లను పైనుంచి పట్టి ఆపుతుంది.

సాగే గుణం ఎక్కువున్న మరో రకం పుల్లలున్నాయి, థర్మోప్లాస్టిక్ ఎలాస్టమర్‌వి. ఎంత లాగినా తెగవు, ఒక్కటే పుల్లతో రోజంతా గడిచిపోతుంది. కానీ వాటి పదార్థం నీటికంటే తేలిక, ఉప్పో బరువో చేర్చకపోతే తేలుతుంది. చవకగా వస్తుంది కదా అని మునగని పుల్లను తెచ్చుకుంటే తర్వాత బాధపడాలి. పైగా వాటిని పీవీసీ పుల్లలతో ఒకే అరలో పెట్టకూడదు. నేను పెట్టాను. ఎండలో ఉన్న పెట్టె కొన్నాళ్ల తర్వాత తెరిస్తే రెండూ ఒకదాన్నొకటి కరిగించుకుని బంకముద్దయ్యాయి. ప్లాస్టిసైజర్ అటూ ఇటూ వలసపోయే గుణం అలాంటిది. చిరిగిన పుల్లను నీళ్లలో విసిరేయడమూ మానాలి. అది కరగదు, ఉబ్బుతుంది. మింగిన చేప పొట్టలో అలాగే ఉండిపోతుంది.

ఇక రంగు. బాస్ కంట్లో రంగులు గుర్తించే శంకు కణాలు రెండే రకాలు, ఒకటి ఆకుపచ్చకు, ఇంకోటి ఎరుపుకు స్పందించేవి. నీలానికి వేరే కణం లేదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన ప్రయోగంలో, శిక్షణ ఇచ్చిన బాస్‌లు ఎరుపునూ ఆకుపచ్చనూ బాగానే గుర్తుపట్టాయి. నిమ్మపండు పసుపుకూ తెలుపుకూ, నీలానికీ నలుపుకూ మధ్య మాత్రం తడబడ్డాయి. మురికి నీటికి నలుపు-నీలం కలిసిన పుల్ల తిరుగులేనిదని ఎందరో నమ్ముతారు. చేప కంటికి ఆ రెండు రంగులూ బహుశా ఒకే చీకటి ముక్క. అయితే ఆ చీకటి ముక్కే అక్కడ పనికొస్తుంది, బురదనీటి లేత వెలుగుకు ఎదురుగా ముదురు ఆకారం తేలిగ్గా కనిపిస్తుంది. తేట నీటిలో గుమ్మడిపచ్చ, పుచ్చకాయపచ్చ. ఈ రెండు జతలూ ఉంటే చాలు. మిగతా రంగులు కొనేవాడిని పట్టే గాలాలని నా అభిప్రాయం.

పొడవు మాట: నీరు మరీ తేటగా ఉంటే, లేక అప్పటికే ఎన్నో గాలాలు చూసి జాగ్రత్తపడిన చేపలుంటే నాలుగంగుళాలది. మిగతా చోట్ల అయిదు.

చేప దీన్ని ఎలా తీసుకుంటుందో తెలిస్తే ఇదంతా ఎందుకో అర్థమవుతుంది. బాస్ కొరకదు, పీలుస్తుంది. దగ్గరికొచ్చాక దాని పార్శ్వరేఖ, అంటే ఒంటి పక్కల పొడవునా ఉండే స్పర్శ గీత, పుల్ల చుట్టూ నీటి కదలికను పసిగడుతుంది. నోరు ఒక్కసారిగా తెరుచుకుంటుంది, నీటితోపాటు పుల్ల లోపలికి వెళ్తుంది, అంతా సెకనులో చిన్న భాగం. నచ్చకపోతే అంతే వేగంగా ఉమ్మేస్తుంది. పుల్ల దిగుతున్నప్పుడు దారం వదులుగా ఉంటుంది గనక ఈ పీల్చుడు చేతికి తెలియకపోవచ్చు. కాబట్టి విసిరాక కళ్లు దారం నీటిని తాకే చోటే ఉండాలి. మునిగే లెక్క ప్రకారం పది సెకన్లు పట్టాల్సిన చోట నాలుగో సెకనుకే దారం ఆగిందంటే, లేక గాలి లేకుండానే పక్కకు నడిచిందంటే, ఆ పుల్ల ఇప్పుడు దిగడం లేదు.